వదులు డబ్బా

ఆగస్టు 3, ఆదివారం

ఈ డైరీ ఒక ప్లాస్టిక్ కంపెనీవాళ్లు జనవరిలో ఇచ్చి వెళ్లారు. అప్పటి నుంచి కొట్లో కౌంటర్ కింద పడి ఉంది. ఇవాళ దుమ్ము దులిపాను. ఇవాళ జరిగింది ఎవరికైనా చెబితే తిడతారు, లేకపోతే జాలిపడతారు. నాకు రెండూ వద్దు.

పొద్దున అక్షయ్ వచ్చాడు. సాయిప్రియ కన్నతండ్రి. బిడ్డకు ఏడాదిన్నర ఉన్నప్పుడు దాని తల్లి రచనకు విడాకులిచ్చి పుణె పోయిన మహానుభావుడు. తర్వాత నన్ను చేసుకున్న రచన పోయినేడు కార్తీకంలో డెంగీతో పోయింది. ఆ కబురు వాడికి తెలిసి, వాడు కదిలి, యాకుత్‌పురాలో మా గల్లీ వెతుక్కుని వచ్చేసరికి ఆగస్టు అయింది. చేతిలో మిఠాయి డబ్బా. బయటే బూట్లు విప్పి మా చెప్పుల వరసలో పద్ధతిగా పెట్టాడు. అంత పద్ధతి ఉన్నవాడి మీద కోపం తెచ్చుకోవడం ఎంత కష్టమో!

"విశాల్ భాయ్, నేను హైదరాబాద్‌కే షిఫ్ట్ అయిన. కోకాపేటల ఫ్లాట్. అమ్మ గూడ నా దగ్గర్నే ఉంటది. ఒక్కసారి ప్రియను చూసి పోత."

భాయ్ అట!

ప్రియ తలుపు వెనక నుంచి కాసేపు చూసి, మెల్లగా బయటికొచ్చి, "మీరు నా డాడీనా?" అని అడిగింది. మీరు అంది. నా ప్రాణం కాస్త కుదుటపడింది. రచన నన్ను చేసుకునేటప్పటికి దీనికి మూడేళ్లు. ఆ రోజు నుంచి నన్ను "బాపు, నువ్వు" అనే పిలుస్తుంది.

వాడు సంచిలోంచి ఇటుకల బొమ్మ తీసిచ్చాడు, ఒకదాని మీద ఒకటి నొక్కి కట్టే ప్లాస్టిక్ ఇటుకలు. చిన్న డబ్బా, కారు బొమ్మ, కంపెనీది. మా బజారులో కంపెనీది అంటే ఒక్కటే అర్థం, మిగతావాళ్లందరూ చూసి చేసే ఆ అసలు ఇటుకలు. నేను అమ్మేవి వాటికి 'కంపాటిబుల్'. డబ్బా మీద అలాగే రాసి ఉంటుంది, స్పెల్లింగ్ తప్పుతో.

"బాపూ, సూడు! ప్రతి బొడిపె మీద పేరున్నది."

"ఉంటది బిడ్డా. కంపెనీది గద."

బొమ్మల కొట్లో పెరిగిన పిల్ల, పదేళ్లు నిండాయి, ఆ సంగతి తెలియక కాదు. చూసి మురిసిపోయింది, అంతే. నాకేం ఫికర్ లేదు.


ఆగస్టు 5, మంగళవారం

కొత్త లాట్ వచ్చింది. విడి ఇటుకలు, సంచుల్లో. స్కూలు వదిలాక ప్రియ కొట్టుకొచ్చింది. ఇద్దరం కూర్చుని ఏరాం.

మా పద్ధతి వేరే ఎవరికీ లేదు. ఏ లాట్ వచ్చినా ముందు ఎర్ర ఇటుకతో చూస్తాం. ఆ ఎర్రది కంపెనీది, రచనది. ఏడేళ్ల కిందట పాపను చంకనేసుకుని పురానాపూల్ దగ్గర ఈ కొట్టుకే వచ్చి, "ఇది కంపెనీ దానికి ఫిట్ అయితదా?" అని అడిగింది. "గ్యారంటీ మేడం" అన్నాను. మర్నాడు మళ్లీ వచ్చి ఎర్రదాన్ని కౌంటర్ మీద టప్పున పెట్టింది. "ఏది, చెయ్యి ఫిట్. నా కండ్ల ముంగట చెయ్యి." ఒకటి పెట్టాను, పట్టలేదు. ఇంకోటి పెట్టాను, పట్టింది గానీ ఊడలేదు. పళ్లతో లాగితే నా పన్ను కదిలింది. అప్పటిదాకా లొల్లి పెట్టుకున్న మనిషి పగలబడి నవ్వింది. ఎర్రది మర్చిపోయి వెళ్లింది. మర్చిపోలేదు, కావాలనే వదిలి వెళ్లానని పెళ్లయ్యాక చెప్పింది.

అప్పటినుంచి కొట్లో మూడు డబ్బాలు. గట్టివి, సరైనవి, వదులువి. గట్టివి ఒకసారి పట్టుకుంటే గోరు విరిగినా వదలవు. వదులువి ఊదితే ఊడతాయి. వాటిని నేను అమ్మను. నా డైరీలో నాకే అబద్ధమెందుకు, జాతరలవాళ్లకు చవగ్గా ఇచ్చేస్తాను. ప్రియకు ఎర్రది కూడా అక్కర్లేదు. కళ్లు మూసుకుని వేలితో నొక్కి, "వదులు... గట్టి... వదులు బాపు, గిది మస్తు వదులు" అని చెప్పేస్తుంది.

ఇవాళ ఒకటి కంపెనీ కారు మీద పెట్టి చూసింది. పట్టింది.

"ఫిట్ అయింది బాపు."

"కాకేం?"


ఆగస్టు 10, ఆదివారం

మళ్లీ వచ్చాడు. మళ్లీ బూట్లు వరసలో. ఫికర్ లేదు.


ఆగస్టు 17, ఆదివారం

ఇవాళ "మీరు" పోయింది. "డాడీ, నువ్వు చాయ్ తాగుతవా?" అని అడిగింది.

వాడు వెళ్లాక మా అత్తమ్మ నాగమణమ్మ గిన్నెలు తోముతూ మొదలుపెట్టింది. రచన పోయినప్పటి నుంచి ఆమె రోజూ జల్‌పల్లి నుంచి బస్సెక్కి వచ్చి మాకు వండిపెట్టి వెళ్తుంది. ఆమె మాట కాదనడానికి నాకు నోరు రాదు.

"అల్లుడా, నా మీద కోపం చెయ్యకు. పోరి ఎదుగుతున్నది. రేపో మాపో పెద్దమనిషి అయితది. ఇంట్ల ఆడదిక్కు లేకపాయె. నేనెన్ని దినాలు బస్సులెక్కుత? ఆడ నాయనమ్మ ఉన్నది."

"నేను లేనా అత్తమ్మా?"

"నువ్వున్నవు బిడ్డా. దేవునసొంటోనివి. కాని లోకం నోరు మంచిదా? కన్నోడు కాదు, ఒక్కడే ఉన్నడు, ఆడపిల్ల ఉన్నది అంటరు. గా మాట నా చెవులబడితే నేను సస్త."

నేను అన్నం ముందు నుంచి లేచిపోయాను. ఆమె మీద కోపంతో కాదు. ఆ మాట ఇప్పటికే ఎవరో అనే ఉంటారని అర్థమై.


ఆగస్టు 21, గురువారం

పక్క కొట్టు డానియేలుకు చెప్పాను. తాళంచెవులు చేస్తాడు. ఇరవై ఏళ్ల దోస్తీ.

"పోరిని అడిగినవా అన్నా?"

"ఏమని?"

"ఏమనేంది? నా దగ్గర్నే ఉండు బిడ్డా అని."

డానియేలుకు వ్యాపారం తెలియదు. తాళం పోయినవాడు ఎలాగూ వాడి దగ్గరికే రావాలి. మా నాన్న ఈ కొట్లో నన్ను కూర్చోబెట్టిన మొదటి రోజే చెప్పాడు, గిరాకీని చెయ్యి పట్టుకుని లాగొద్దు, లాగితే వచ్చినవాడు కూడా పోతాడు అని. చుట్టుపక్కల అందరూ "ఆవో భాయ్, ఆవో" అని అరుస్తారు. మేం అరవం. మాల్ చూపించి ఊరుకుంటాం. కావాల్సినవాడు తిరిగి వస్తాడు. రచన తిరిగి రాలేదా?

ప్రియ కూడా అంతే. ఏడేళ్లు చూసింది. దాని కడుపులో ఏముందో నాకు తెలియదా?


సెప్టెంబర్ 7, ఆదివారం

పెద్ద డబ్బా తెచ్చాడు. కంపెనీది. రెండంతస్తుల ఇల్లు, బాల్కనీ, తెల్లటి గోడలు, ఎర్ర కప్పు. నా కొట్లో ఆ ధరకు నెల గడిచిపోతుంది.

"ఇప్పుడే విప్పకు ప్రియా. దసరా సెలవులకు మా ఇంటికి వస్తవు గద, అప్పుడు నువ్వు, నేను కలిసి కడుదాం. సరేనా?"

"ప్రామిస్ డాడీ, విప్ప."

తర్వాత నా వైపు తిరిగి, నా ముందే అన్నాడు. దొంగచాటుగా అనలేదు, ఆ ఒక్కటి ఒప్పుకోవాలి. "సెలవులల్ల నచ్చితే ఆడనే ఉండొచ్చు. స్కూల్ గూడ చూసిన. నువ్వు నా దగ్గర ఉండాలని ఉన్నది బిడ్డా. నువ్వే చెప్పాలె."

ప్రియ నా వైపు చూసింది. చాలాసేపే చూసింది. నేను ఫ్యాను వైపు చూశాను. రెక్కల మీద దుమ్ము.

"నీ ఇష్టం బిడ్డా," అన్నాను.

ఎంత హుందాగా అన్నానో! అక్షయ్ ముఖం చిన్నబోయింది. ఏడుస్తాననో, పోట్లాడతాననో అనుకుని ఉంటాడు. ప్రియ డబ్బాను అల్మారా మీద పెట్టి, చదువుకోవడానికి వెళ్లిపోయింది.


సెప్టెంబర్ 8, సోమవారం

రాత్రి అన్నం సగంలో వదిలేసింది. పరీక్షల భయం కావచ్చు.


సెప్టెంబర్ 12, శుక్రవారం

ఇవాళ ప్రియ స్కూల్లో ఉండగా పెద్ద డబ్బా కొట్టుకు తెచ్చాను. క్వాలిటీ చూద్దామని. పిల్ల చేతికి వెళ్లే వస్తువు, చూసుకోవద్దా?

పై ప్లాస్టిక్ తొడుగు కోశాను. లోపలి కవర్లు కోశాను. మళ్లీ అతికించే మిషన్ మా దగ్గర ఉంది, తొడుగు వేసే వేడిగాలి మిషనూ ఉంది, చినిగిన డబ్బాలకు రోజూ చేసే పనే. కంపెనీ ఇటుకలు చేతిలోకి తీసుకుంటే ఏడుపొచ్చింది, అంత బాగున్నాయి. పట్టు అన్నింటికీ ఒకటే. పెడితే కూర్చుంటాయి, తీస్తే వస్తాయి, మళ్లీ పెడితే మళ్లీ అలాగే కూర్చుంటాయి. ముప్పై ఏళ్ల వ్యాపారంలో నేను ఒక్క సంచికి కూడా ఆ మాట ఇవ్వలేకపోయాను.

అడుగు గోడల తెల్ల ఇటుకలు ఒక గుప్పెడు తీసేశాను. వాటి బదులు మన తెల్లవి వేశాను, వదులు డబ్బాలోవి. రంగు కలవడానికే మధ్యాహ్నం దాకా పట్టింది. కంపెనీ తెలుపు పాలలా ఉంటుంది, మనది మజ్జిగలా.

డానియేలు తొంగి చూశాడు. "ఏం చేస్తున్నవన్నా?"

"క్వాలిటీ చెకింగ్."

వాడు నా ముఖం చూసి తన కొట్లోకి వెళ్లిపోయాడు.

గోడ కూలుతుంది. బాల్కనీ బరువు మీద పడగానే కూలుతుంది. వాడు మళ్లీ కడతాడు, మళ్లీ కూలుతుంది. ప్రియ విసుగొచ్చి ఇంటికొచ్చి, "బాపు, కంపెనీది గూడ ఒట్టిదే" అంటుంది. అంతే. నేను ఎవరికీ ఏ హానీ చేయలేదు. తీసినవి రుమాల్లో కట్టి కౌంటర్ సొరుగులో పెట్టాను. సాయంత్రానికి డబ్బా అల్మారా మీదికి చేరింది.


సెప్టెంబర్ 13, శనివారం

నాకు పదేళ్ల బిడ్డ ఉంది. నా వయసు నలభై రెండు. నేను చేసిన పని చూడు.


సెప్టెంబర్ 14, ఆదివారం

నిన్న రాసింది కొట్టేద్దామనుకున్నాను. ఉండనీ. అయినా అది వ్యాపారం. పోటీవాడి సరుకులో లోపం చూపించడం అందరూ చేసేదే.


సెప్టెంబర్ 21, ఆదివారం

ఎంగిలిపూల బతుకమ్మ. మా గల్లీ చివర ఆడవాళ్లంతా చేరారు. అత్తమ్మ పొద్దున్నే చెప్పేసింది. "మనకు ఏడాది మైల ఉన్నది. పువ్వు ముట్టొద్దు, బతుకమ్మ పేర్చొద్దు."

"పువ్వు ముట్టను అమ్మమ్మా," అంది ప్రియ.

మధ్యాహ్నం నాతో కొట్టుకొచ్చి గట్టి ఇటుకల డబ్బా ఇంటికి పట్టుకెళ్దామంది. సాయంత్రానికి ఇత్తడి తాంబాళంలో బతుకమ్మను కట్టేసింది, ఇటుకలతో. పసుపువి తంగేడు, తెల్లవి గునుగు, గులాబీవి గడ్డిపూలు. చదరపు ఇటుకలు గుండ్రంగా ఎక్కడ తిరుగుతాయి, మెట్లు మెట్లుగా పైకి లేచింది. శిఖరాన గౌరమ్మకు బదులు రచన ఎర్ర ఇటుక పెట్టింది.

అత్తమ్మ చూసింది. "గిదేందే? వద్దన్న గద!"

"పువ్వులు కావు అమ్మమ్మా. ప్లాస్టిక్‌కు మైల ఉంటదా?"

అత్తమ్మ తిట్టడానికి నోరు తెరిచి, ఎర్ర ఇటుక చూసి ఆగిపోయింది. అదెవరిదో ఆమెకూ తెలుసు. అక్కడే చతికిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. కాసేపటికి తనే లేచి, చప్పట్లు మెల్లగా కొడుతూ, పాట నోట్లోనే అనుకుంటూ తాంబాళం చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. వెనక ప్రియ. ఇద్దరితో ఏం చుట్టు అవుతుంది? తలుపు గడియ పెట్టి నేనూ కలిశాను. మగాడు బతుకమ్మ ఆడాడంటే బజారంతా నవ్వుతుంది. నవ్వనీ.

మూసీ దాకా పోయే పని లేదు కాబట్టి నీళ్ల టబ్బులో వదిలాం. ఒరిగి తేలింది. ఒక్క ఇటుక ఊడలేదు. అత్తమ్మ "పోయి రా..." అని మొదలుపెట్టి ప్రియను చూసి మిగతాది మింగేసింది. రేపు పొద్దున దాని ప్రయాణం.


సెప్టెంబర్ 22, సోమవారం

వెళ్లింది. డబ్బాను తనే ఒళ్లో పెట్టుకుంది. నేను "జాగ్రత్త" అన్నాను. ఎవరికన్నానో, దేనికన్నానో నాకే తెలియదు.

బతుకమ్మను కౌంటర్ మీద పెట్టాను. ముగ్గురు ధర అడిగారు.


సెప్టెంబర్ 25, గురువారం

ఫోన్ చేసింది.

"బాపు, ఇల్లు అయిపోయింది. రెండంతస్తులు!"

"పడలేదా?"

అవతల తలుపు దగ్గరికేసిన చప్పుడైంది.

"ఎందుకు పడతది బాపు?"

"ఏం లేదు బిడ్డా. ఊకెనే అడిగిన. తిన్నవా?"

"తిన్న."


సెప్టెంబర్ 26, శుక్రవారం

ఎట్లా నిలబడింది?


అక్టోబర్ 3, శుక్రవారం

అక్షయ్ ప్రియను సాయంత్రం కొట్టు దగ్గర దింపి, తొందర పని ఉందని వెళ్లాడు. ప్రియ కౌంటర్ మీద బతుకమ్మను ఒకసారి ముట్టుకుని, స్టూలు లాక్కుని మూడు డబ్బాల ముందు కూర్చుంది. కొత్త గౌను. నాయనమ్మ జడలు వేసిందట, రెండు, గట్టిగా. నేను వేస్తే ఎప్పుడూ ఒకటి కిందికి, ఒకటి పైకి ఉంటాయి.

వదులు డబ్బాలోంచి తెల్ల ఇటుక ఒకటి తీసి నా అరచేతిలో పెట్టింది.

"బాపు, నువ్వు గీ డబ్బాలోవి ఏసినవ్."

"ఏంది బిడ్డా?"

"డాడీ డబ్బాల. పేరు లేదు వాటి మీద. పేరు చూడకున్నా, నొక్కితే తెల్వదా నాకు?"

అది కోపంగా లేదు. కోపంగా ఉన్నా బాగుండేది.

"గోడ రెండుసార్లు పడ్డది. డాడీ కంపెనీకి ఫోన్ చేస్తనన్నడు. వద్దన్న. కప్పు మీది కంపెనీవి తీసి కిందికేసిన. మనవి పైన పెట్టిన. పైన బరువుండదు గద. గోడ జర ఎర్రగ, కప్పు జర తెల్లగ అయింది. మంచిగనే ఉన్నది."

"డాడీకి తెలుసా?"

"నేనెందుకు చెప్త?"

సొరుగు లాగి రుమాలు మూట తీసి దాని ముందు పెట్టాను. "తీసుకపో బిడ్డా. నీవే ఇవి. తప్పయింది."

విప్పి చూసింది. మళ్లీ ముడి వేసి నా వైపు జరిపింది. "ఉండనీ బాపు. ఆడ మనవి ఉన్నయి గద. ఈడ గవి ఉండనీ."

కాసేపు ఇటుకలు ఏరుతూ కూర్చుంది. తల ఎత్తకుండానే అడిగింది.

"గట్టివి ఎందుకు ఎయ్యలె?"

"ఏంది?"

"వదులువి ఎందుకేసినవ్? గట్టివి ఏస్తే నేను ఊడదీయలేకపోతుంటి."

కూలాలని వేశానని చెప్పనా?

"నేను ఆడనే ఉంటనని డాడీకి చెప్పిన," అంది.

"ఎందుకు బిడ్డా?"

"డాడీ ఉండమన్నడు. రోజు అన్నడు. నాయనమ్మ గూడ అన్నది. నువ్వు అనలె."

"నీ ఇష్టం అన్న గద."

"ఇష్టమంటే ఏంది బాపు? ఉండమన్నట్టా, పొమ్మన్నట్టా?"

అప్పుడే గిరాకీ వచ్చింది. ఎవరో ఆడమనిషి, పుట్టినరోజు బెలూన్లు కావాలంది. నేను లేచాను. లేచి వెళ్లి బెలూన్లు చూపించాను! వెండిరంగువి, బంగారురంగువి, అంకెలవి. ఆమె బేరమాడింది, నేనూ ఆడాను. తిరిగి వచ్చేసరికి ప్రియ కళ్లు తుడుచుకుని మూడు డబ్బాలకూ మూతలు పెట్టేసింది.

"ఇంటికి పోదం బాపు. ఆకలైతుంది," అంది.


అక్టోబర్ 5, ఆదివారం

ఎవరూ పుట్టినరోజు జరుపుకోకూడదు. బెలూన్లు ఎవరూ కొనకూడదు.

నేనే దద్దమ్మను. గిరాకీని లాగొద్దన్నాడు మా నాన్న, బిడ్డను పట్టుకోవద్దని చెప్పాడా? ఆయన నన్ను చెయ్యి పట్టుకునే కొట్లో కూర్చోబెట్టాడు కదా. ఇవాళ రెండుసార్లు దాని గది దాకా వెళ్లాను. ఒకసారి "ఫ్యాను ఆపనా?" అని అడిగి వచ్చాను. ఇంకోసారి అది బట్టలు మడత పెట్టుకుంటోంది. మడత పెట్టడంలో సాయం చేశాను.


అక్టోబర్ 12, ఆదివారం

తీసుకుపోయాడు.

అత్తమ్మ దానికి బొట్టు పెట్టి, నుదురు ముద్దుపెట్టుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. పోరును గెలిచిన మనిషిలా లేదు, స్టవ్ ముందు ఊరికే నిలబడింది. సామాను మొత్తం రెండు సంచులు. ఏడేళ్లకు రెండు సంచులు.

అక్షయ్ నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "భాయ్, దాన్ని గింత మంచిగ పెంచినవు. నీ రుణం నేను తీర్చుకోలేను." వాణ్ని ఒక్కటి కొట్టాలనిపించింది. వాడి భుజం మీదే పడి భోరుమన్నాను. గల్లీ అంతా చూసింది. ఛీ, ఏం మనిషినో.

అంత ఏడ్చినవాణ్ని ఆ ఒక్క మాట అనొచ్చుగా. నోటి దాకా వచ్చింది. స్కూల్లో సీటు తీసుకున్నారు, నాయనమ్మ వండి ఎదురుచూస్తోంది, ఇప్పుడంటే పిల్ల నలిగిపోతుందనుకున్నాను. నాకు సాకులకు కొదవ లేదు.

ప్రియ కారెక్కే ముందు నా చొక్కా గుండీ సరిచేసింది.


అక్టోబర్ 13, సోమవారం

బతుకమ్మ మీద ఎర్ర ఇటుక లేదు. ఎన్నాళ్ల నుంచి లేదో, ఇవాళే చూశాను.


అక్టోబర్ 14, మంగళవారం

తీసుకుపోయిందేమో. వాళ్లమ్మది, దానికే చెందాలి. తీసుకుపోతేనే మంచిది. కొత్త లాట్ వచ్చింది, విప్పలేదు. దేనితో చూడను?


అక్టోబర్ 17, శుక్రవారం

దొరికింది.

ఒకాయన గట్టి ఇటుకలు అడిగితే ఆ డబ్బాలో చెయ్యి పెట్టాను. అడుగున ఉంది ఎర్రది. దాని మీద మన పసుపు ఇటుక నొక్కి ఉంది. ఊడదీయబోయాను. గోరు పెట్టాను, చాకు మొన పెట్టాను. రాలేదు. పళ్ల దాకా తీసుకెళ్లి ఆగిపోయాను.

అదెప్పుడు చేసిందో! బెలూన్లు అమ్ముతున్నప్పుడే అయి ఉంటుంది. డానియేలు పరుగెత్తుకొచ్చాడు, కౌంటర్ మీద తల పెట్టుకుని ఏడుస్తుంటే గుండెపోటు అనుకున్నాడు. వాడికి చూపించాను.

"ఏం చేస్తవన్నా గిప్పుడు?"

"ఏం చేయను? ఊడదీయను."


అక్టోబర్ 26, ఆదివారం

ఆదివారాలు నా దగ్గరికి పంపాలన్న ఒప్పందం ప్రకారం పొద్దున్నే అక్షయ్ ప్రియను కొట్టు దగ్గర దింపాడు. పోయిన వారం దీపావళికి వాళ్లింట్లోనే ఉంది, నాకు మైసూర్‌పాక్ తెచ్చింది. బడి సంగతులు చెప్పింది. అక్కడి పిల్లలంతా ఇంగ్లీషేనట, ఇది "గట్ల కాదు" అంటే నవ్వుతారట. మధ్యాహ్నం దాకా కొత్త సంచి ఏరాం, ఎర్రది లేకుండానే, ప్రియ వేలి పట్టుతో. మూడు డబ్బాలూ నిండాయి.

ఎర్రదాని సంగతి నేను ఎత్తలేదు. కౌంటర్ మీద బతుకమ్మ పక్కన పసుపు ఇటుకతో కలిపి పెట్టి ఉంచాను, ప్రియ చూసింది.

ఆరింటికి రోడ్డు మీద కారు హారన్ మోగింది. ప్రియ లేచి సంచి భుజాన వేసుకుంది. "పోయొస్త బాపు." సరిగ్గా అప్పుడే ఎవరో మెట్లెక్కి, "అన్నా, ఇది కంపెనీ దానికి ఫిట్ అయితదా?" అని అడిగారు. మగమనిషో ఆడమనిషో కూడా చూడలేదు. కౌంటర్ పలక ఎత్తి బయటికి ఉరికాను. బజారు మధ్యలో ప్రియ చెయ్యి పట్టుకున్నాను. లాగాను కూడా. దాని సంచి జారి కింద పడింది.

"ఉండు బిడ్డా. నా దగ్గర్నే ఉండు. పోకు."

చెయ్యి విడిపించుకోలేదు. నా వైపే చూస్తూ, చూస్తూ ఉండగానే ముఖమంతా కుదించుకుపోయి వెక్కి వెక్కి ఏడ్చింది. రచన పోయినప్పుడు కూడా నా ముందు అలా ఏడవలేదు. కారు దిగిన అక్షయ్ అక్కడే ఆగిపోయాడు. డానియేలు గిరాకీని పక్కకు తీసుకుపోయాడు.

"గిప్పుడా బాపు అడిగేది?"

"గిప్పుడే వచ్చింది బిడ్డా నోటికి."

"రేపు స్కూలున్నది. నాయనమ్మ లంచ్ బాక్స్ కొన్నది. డాడీకి మాటిచ్చిన." ఒక్కొక్కటీ వేళ్ల మీద లెక్కపెట్టినట్టు చెప్పింది. చివర్న ముక్కు నా చొక్కాకే తుడుచుకుంది.

సంచి నేనే తీసిచ్చాను. కారు ఎక్కింది. కదిలాక అద్దం దించి తల బయటపెట్టింది. రోడ్డంతా హారన్లు, ఆటోల మోత, అయినా నాకు స్పష్టంగా వినబడింది.

"వచ్చే ఆదివారం గూడ అడుగు బాపు!"